ఏడో వీధి, నీలం గేటు

చొక్కా కాలరు మడతలోకి ఇస్త్రీపెట్టె మొన దూరుస్తూ ఎర్లిండా గొణుక్కుంటోంది. "సాంతా ఎలోయిసా, ఏడో వీధి, నీలం గేటు ఇల్లు. సాంతా ఎలోయిసా, ఏడో వీధి, నీలం గేటు ఇల్లు." పెట్టె ఆమె ఎడంచేతిలో ఉంది. కుడి చెయ్యి భుజం ఎత్తుకు లేవడం మానేసి ఏడాది దాటింది. ఇస్త్రీ, గిన్నెలు తోమడం, తల దువ్వుకోవడం, అన్నీ ఎడంచేతికి నేర్పుకుంది. పెట్టె అడుగున ఒకచోట నల్లగా మాడిన మచ్చ ఉంది. అది తెల్లబట్టకు తగలకుండా తిప్పడం కూడా ఆ చేతికి వచ్చేసింది.

ఉన్నది ఒకటే రేకుల గది. మంచం మీద కూతురు యారిట్సా కాళ్లు ముడుచుకుని కూర్చుని గొంతు సవరించుకుంది.

"అమ్మా, మీరెక్కడ ఉంటారండీ?" అంది, ఆఫీసుల్లో మేడములు మాట్లాడేటంత మెత్తగా.

"సాంతా ఎలోయిసా, ఏడో వీధి, నీలం గేటు ఇల్లండీ."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆరేళ్ల నుంచండీ."

"ఇల్లు మీదేనా?"

"మా వదినదండీ. వెనక గదిలో నేనూ మా అమ్మాయీ ఉంటాం."

"చుట్టుపక్కల ఎలా ఉంటుంది?"

"ప్రశాంతంగా ఉంటుందండీ."

యారిట్సా నవ్వింది. "ఇంత అమాయకంగా మొహం పెట్టి ఎలా చెప్తావే అమ్మా. నాకే మనం అక్కడికి వెళ్లిపోయామేమో అనిపిస్తోంది."

"నీకనిపిస్తే ఏం లాభం. నిద్రలో లేపి అడిగినా నా నోట్లోంచి అదే రావాలి," అంది ఎర్లిండా. "మళ్లీ అడుగు. ఈసారి నవ్వుతూ అడుగు. కసిరి అడిగేవాళ్లతో నాకు భయం లేదు. నవ్వుతూ అడిగితేనే తడబడతాను."

తల్లీకూతుళ్లు నిజంగా ఉండేది నదికి ఇవతల, లాస్ పావాస్ పేటలో. ఎర్లిండా పనిచేసిన టీషర్టుల ఫ్యాక్టరీ మూతపడ్డ కొత్తలో ఆమె దరఖాస్తుల్లో అదే రాసింది. అన్నీ ఉన్నవి ఉన్నట్టే రాసింది. ఇరవై రెండేళ్లు ఒకే మిషను మీద మెడపట్టీ కుట్టానని కాస్త గర్వంగానే రాసింది. ఆ అంకె చూడగానే లోపలివాళ్లు భుజం సంగతి ఊహిస్తారని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఎనిమిదేళ్లని రాస్తోంది. కణతల దగ్గర తెలుపు కనబడకుండా జుట్టుకు రంగు వేసుకుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుంది. పాత ఫ్యాక్టరీలో యూనియన్ ఉండేదా అని అడిగితే, నాకు తెలియదండీ, నేను తల ఎత్తేదాన్ని కాదు అని చెప్పడం నేర్చుకుంది. అయినా ఎవరూ పిలవలేదు. చివరికి ఒక గేటు దగ్గర కాపలావాడు ఆమె ఇచ్చిన కాఫీ తాగి, మూతి తుడుచుకుంటూ చెప్పాడు. "అక్కా, పావాస్ అని రాస్తే ఆ కాగితం మెట్లెక్కదు. నేనే ఇక్కడ పక్కన పడేస్తాను. నాకిచ్చిన ఆర్డరు అదీ."

పావాస్‌లో ఉన్నవాణ్ణి పనిలో పెట్టుకుంటే వాడి వెనక ముఠా కూడా లోపలికి వస్తుందని ఫ్యాక్టరీల వాళ్ల భయం. నది అవతల సాంతా ఎలోయిసాలోనూ ఉన్నది ముఠాయే. పావాస్ వాళ్లకు బద్ధశత్రువులు. కాకపోతే వాళ్లు ఫ్యాక్టరీల జోలికి పోరని పేరు. అక్కడ నోల్వియా ఉంది. యారిట్సాకు జ్ఞానస్నానం చేయించిన రోజు బిడ్డను ఎత్తుకుని తల్లిలా నిలబడింది నోల్వియా. ఆ రోజు నుంచీ ఇద్దరూ వదినా అంటే వదినా అని పిలుచుకుంటున్నారు. "నా ఇల్లు రాసెయ్ వదినా, గోడలేమీ అరిగిపోవు," అని తన కరెంటు బిల్లు నకలు తీసి ఇచ్చిందామె.

ఎర్లిండాకు ఇది కొత్తేమీ కాదు. కాఫీ కొండల్లోంచి ఈ ఫ్యాక్టరీల ఊరు చొలోమాకు దిగివచ్చినప్పుడు ఆమెకు పదిహేనేళ్లు. పెద్దమ్మ కూతురు మౌరా కాగితాలు పట్టుకుని పద్దెనిమిదేళ్ల మనిషిగా మొదటి ఉద్యోగంలో చేరింది. రెండేళ్లపాటు మౌరా అంటే పలికింది. ఒకసారి ఊరి నుంచి వచ్చిన తల్లి గేటు బయట నిలబడి ఎర్లిండా అని ఎంత పిలిచినా ఆమె తల తిప్పలేదు. తల్లి దగ్గరకొచ్చి వీపు మీద ఒక్కటి చరిచింది.

చొక్కా తొడుక్కుంటుంటే యారిట్సా వెనక నిలబడి కుడి చేతిని నెమ్మదిగా చొక్కా చేతిలోకి ఎక్కించింది. ఆ పిల్ల ఇల్లు కదిలి మూడు వారాలవుతోంది. అంతకుముందు పోలీసులు వచ్చి పావాస్ ముఠా పాత కుర్రాళ్లను ట్రక్కులో కుక్కి తీసుకుపోయారు. పాతవాళ్లు ఈ వీధుల్లోనే ముక్కు చీదుతూ పెరిగినవాళ్లు. దుర్మార్గులే, కానీ ఎవరి ఇల్లు ఎవరిదో వాళ్లకు తెలుసు. వాళ్ల స్థానంలో వేరే ఊళ్ల నుంచి కొత్తవాళ్లు దిగారు. వాళ్లకు ఎవరి మొహమూ తెలియదు. దుకాణం దగ్గర వాళ్లలో ఒకడు యారిట్సా జడను చేతికి చుట్టుకుని, నీకెన్నేళ్లు అని అడిగాడు. పద్నాలుగు అంది. చాలు, అన్నాడు వాడు. వచ్చే నెల మాట్లాడుకుందాం అన్నాడు.

పట్నంలో మార్కెట్టు వెనక ఒక గది ఉంది. ఇంటావిడ ఫ్యాక్టరీ కార్డున్న వాళ్లకే అద్దెకిస్తుంది. కార్డు రావాలంటే ఉద్యోగం రావాలి. ఎర్లిండా ఆలోచన ఆ గది గుమ్మం దాటి ముందుకు పోవడం లేదు.

"నేను వచ్చేదాకా గడియ తియ్యకు," అంది సంచి భుజాన వేసుకుంటూ. "నువ్వున్నావని ఎవరికీ వినిపించకు. రేడియో పెట్టకు."

"పెట్టను. నువ్వు నవ్వు. నవ్వితే ఐదేళ్లు తగ్గుతావు."

సందు మొదట్లో ఒక మనిషి పడి ఉన్నాడు. తెల్లవారుజామున తెచ్చి పడేసినట్టున్నారు. నిమ్మకాయల బొమ్మలున్న టేబుల్ గుడ్డ ఎవరో కప్పారు. అది పొట్టిగా ఉండడంతో పాదాలు బయటికి కనిపిస్తున్నాయి. పక్కింటావిడ కొంచెం ఎడంగా నిలబడి తన గుమ్మం ముందు నీళ్లు చల్లి చీపురుతో ఊడుస్తోంది. నీళ్లు ఎర్రగా మారి కాలువ వైపు పోతున్నాయి. ఎర్లిండా ఇస్త్రీ పాంటు అంచులు పైకి పట్టుకుని, తడి లేని చోటు చూసుకుంటూ దాటింది. ఉద్యోగానికి వెళ్తున్నావా అని అడగలేదావిడ. దేవుడు తోడుండాలి అని మాత్రం అంది, చీపురు ఆపకుండా.

ఫుట్‌బాల్ మైదానం మలుపులో చిన్న బస్సు ఆగింది. ఈ మూడు వారాలుగా రోజూ ఆగుతోంది. ముఠా కొత్త కుర్రాళ్లు ఇద్దరు ఎక్కారు. ఒకడు పిస్తోలును ఛాతీ మీద గోక్కుంటూ సీట్ల మధ్య నడిచాడు.

"ఏయ్ ముసలీ, నీ ఇల్లెక్కడ?"

"ఇక్కడే. పావాస్, నీళ్ల ట్యాంకు కింద." మాట తన్నుకుని వచ్చింది. కసిరితే నిజం దానంతటదే వస్తుంది.

ఆమె వెనక కూర్చున్న మనిషి ఏదో కొండ ఊరి పేరు చెప్పాడు. చెల్లెల్ని చూడటానికి వచ్చానన్నాడు. చెల్లెలి పేరు చెప్పమంటే ఒక క్షణం ఆలస్యం చేశాడు. పిస్తోలు మడమ అతని మూతి మీద పడింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. నేల మీద ఏదో చిన్నది టక్కుమని పడి దొర్లుకుంటూ వచ్చి ఎర్లిండా చెప్పుకు తగిలి ఆగింది. పన్ను. ఆమె పాదం వెనక్కి తీసుకుంది. చొక్కా మీద ఏమైనా చిమ్మిందేమోనని చూసుకుంది. ఏమీ చిమ్మలేదు. కుర్రాళ్లు దిగిపోయారు. ఆ మనిషి నోటికి టోపీ అడ్డం పెట్టుకుని తన సీట్లోనే కూర్చున్నాడు. బస్సు కదిలింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర అప్పటికే గోడ పొడవునా ఆడవాళ్లున్నారు. కాపలావాడు గేటు చిన్న తలుపు తీసి, చేతిలో లాఠీ ఊపుతూ అరిచాడు. "ఈరోజు మెడపట్టీ వాళ్లే కావాలి. జేబులు, అంచులు కుట్టేవాళ్లు ఇంటికి పోండి. మెడపట్టీ వాళ్లలో కూడా కొంతమందినే తీసుకుంటారు."

వరస ఒక్కసారిగా విరిగిపోయింది. జేబులు కుట్టేవాళ్లు కూడా తలుపు మీద పడ్డారు. ఎవరి జుట్టో ఎవరి పిడికిట్లోకో వచ్చింది. ఎర్లిండా తొందరపడలేదు. గుంపు ఎప్పుడూ తలుపు మధ్యకు వెళ్తుందని, గోడకు వీపు ఆనించి పక్క నుంచి జరిగితే చొక్కా నలగకుండా లోపలికి పోవచ్చని ఈ నాలుగు నెలల్లో కనిపెట్టింది. ఎడమ భుజం ముందుకు పెట్టి జరిగింది. ఆమె ముందున్న సన్నటి పిల్ల కాలు మడతపడి కిందపడింది. చెయ్యి చాచింది. "అక్కా, ఒక్క చెయ్యి."

ఎర్లిండా ఆ చేతి మీద అడుగు వేసింది. పలచటి చెప్పులోంచి వేళ్లు ఒక్కొక్కటీ తెలిశాయి. కుట్టేదాని వేళ్లు. కిందికి చూడకుండా రెండో అడుగు తలుపు లోపల వేసింది. వెనక లాఠీ దెబ్బలు మొదలయ్యాయి. తడిబట్టను రాతికేసి కొట్టినట్టు చప్పుడు. తలుపు మూసుకుంది.

లోపల ఏసీ చల్లదనం, మిషన్ల హోరు, కొత్త బట్ట వాసన. ఆ వాసన తగలగానే ఒళ్లు వదులైంది. పరీక్షకు ఓవర్‌లాక్ మిషను చూపించారు. మెడపట్టీని సాగదీస్తూ చొక్కా మెడ చుట్టూ తిప్పి కుట్టాలి. మోచేతుల్ని ఒంటికి ఆనించుకుంటే భుజం లేవాల్సిన పని లేదు. ఎర్లిండా అలాగే కుట్టింది. సూపర్‌వైజరు ఒక మెడ తిరగేసి చూసి, ఇంకోటి తిరగేసి చూసి, ఆమె పేరు పక్కన టిక్కు పెట్టింది. ఎర్లిండా ఎడమ చూపుడువేలి గోరు కింద చిన్న గుంట ఉంది. మొదటి ఏడాదిలో సూది అందులోంచి దూసుకుపోయి విరిగింది. అప్పటి సూపర్‌వైజరు కటింగ్ ప్లేయరుతో లాగేసి, గుడ్డపీలిక చుట్టి, లాట్ పూర్తి చేసి లేవమంది. తెల్ల చొక్కాలు కావని ఇద్దరూ సంతోషించారు.

తర్వాత నర్సు గది. "చేతులు పైకెత్తమ్మా. రెండూ, చెవులకు తగలాలి."

ఎర్లిండా నిన్న సాయంత్రమే మందుల షాపులో భుజానికి ఇంజెక్షను వేయించుకుంది. గోడ పట్టుకుని వేళ్లతో పాక్కుంటూ ఎత్తడం వారం రోజులుగా సాధన చేసింది. ఇక్కడ గోడ లేదు. ఎత్తింది. కీలులో ఏదో చింపినట్టయింది. లోపలి బుగ్గను పళ్ల మధ్య పెట్టి కొరికింది. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చింది. నవ్వింది, పెదవులు తెరవకుండా.

"మళ్లీ," అంది నర్సు కాగితం మీది నుంచి కళ్లెత్తకుండానే.

మళ్లీ ఎత్తింది. రక్తం మింగింది.

"దించు. పక్క గదిలోకి వెళ్లు."

పక్క గదిలో ఫూనెస్ మేడమ్ ఉంది. యూనివర్సిటీలో చదువుకున్న ఆవిడ. చెవులకు చిన్న ముత్యాలు, మెత్తటి గొంతు, మాటకు ముందే నవ్వు. కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇచ్చింది. ఎర్లిండా నీళ్లతో నోట్లోది కడిగి మింగింది.

"అమ్మా, మీరెక్కడ ఉంటారండీ?"

"సాంతా ఎలోయిసా, ఏడో వీధి, నీలం గేటు ఇల్లండీ."

యారిట్సా అడిగినట్టే అడిగింది. ఎర్లిండా తడబడలేదు. ఆరేళ్లు, వదిన ఇల్లు, వెనక గది, ఎనిమిదేళ్ల అనుభవం, యూనియన్ సంగతి తెలియదు, అన్నీ వరసగా వచ్చాయి. ఇక్కడే ఎందుకు పనిచేయాలనుకుంటున్నారని అడిగితే, "పని ఉన్నచోట కూర్చోవడం నాకిష్టమండీ," అంది. అది సాధన చేసింది కాదు. మేడమ్ తల ఊపింది.

"ఈ మధ్యాహ్నం నేను మీ ఇంటికి వస్తాను. కంపెనీ పద్ధతి. ఇల్లు చూడకుండా ఎవర్నీ తీసుకోం. రావచ్చా?"

"తప్పకుండా రండి మేడమ్. కాఫీ పెడతాను."

నది మీద వంతెన దాటుతున్నంతసేపూ ఎర్లిండా బస్సు కిటికీలోంచి చూడలేదు. అవతలి వైపు మొదటి వీధిలో ముగ్గురు కుర్రాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఎవరింటికి అని అడిగారు. నోల్వియా ఇంటికి అంది. నోల్వియా ముందే చెప్పి ఉంచింది. ఒకడు గడ్డంతో దారి చూపించాడు, అంతే. పొద్దుటి నుంచీ భయపడింది ఈ క్షణానికే. ఇంత తేలిగ్గా అయిపోయేసరికి నీలం గేటు పట్టుకుని కాసేపు నిలబడింది.

నోల్వియా పిండి చేతులతో గేటు తీసింది. "రా వదినా, నీ ఇంటికి నువ్వే తలుపు కొడితే ఎలా. వెనక గది చూడు, నీ చెప్పులు మంచం కింద పెట్టా. యారిట్సా ఫొటో గోడకి కొట్టా, మా ఆయన ఫొటో తీసేసి."

"ఆయనకి కోపం రాదూ."

"బతికున్నప్పుడు చాలా కోప్పడ్డాడు. ఇప్పుడు గోడకి కాస్త వెలుగొచ్చింది." నోల్వియా ఎర్లిండా చొక్కాను పైనుంచి కిందికి చూసింది. "భుజం?"

"ఎత్తాను."

"ఎత్తి?"

"ఎత్తాను, అంతే. బుగ్గ తెగింది."

"ఉప్పునీళ్లు పుక్కిలించు. మేడమ్ వస్తే ఎక్కువ మాట్లాడకు. ఎక్కువ మాట్లాడేది నేను, నాకు ఉద్యోగం అక్కర్లేదుగా."

ఫూనెస్ మేడమ్ కంపెనీ కారులో వచ్చింది. డ్రైవరు ఇంజను ఆపలేదు. ఆమె వెనక గదిలో మంచం, చెప్పులు, ఫొటో చూసింది. అమ్మాయి ఏదని అడిగితే బడికెళ్లింది అని నోల్వియా చెప్పింది. వంటగదిలో కూర్చున్నారు. నోల్వియా వేడి టోర్టియా రొట్టె మీద చిక్కుడు గింజల ముద్ద, జున్ను పెట్టి ఇచ్చింది.

అప్పుడే గోడ అవతల ఖాళీ స్థలంలో మొదలైంది. ముందు ఎవరినో ఈడ్చుకొచ్చిన చప్పుడు, తర్వాత చెక్కతో కొడుతున్న చప్పుడు. కొట్టేవాళ్లు లెక్కపెట్టుకుంటూ కొడుతున్నారు. దెబ్బ తింటున్నవాడు మొదట తల్లిని పిలిచాడు. కొంతసేపటికి మాటలు పోయి గొంతు మాత్రమే వినిపించింది.

మేడమ్ కలం కాగితం మీద ఆగింది. ముగ్గురూ టోర్టియాల వైపు చూశారు.

"నీళ్లు బాగా వస్తాయాండీ ఇక్కడ?" అంది మేడమ్, గొంతు కొంచెం పెంచి.

"రోజు విడిచి రోజు వస్తాయి మేడమ్," అంది నోల్వియా, ఇంకొంచెం పెంచి. "డ్రమ్ములు నింపుకుంటాం."

గోడ అవతల ఏదో విరిగింది. చెక్క కావచ్చు.

"కరెంటు?"

"పోతుంది, వస్తుంది."

"చుట్టుపక్కల ఎలా ఉంటుందమ్మా?" మేడమ్ ఈ ప్రశ్న ఎర్లిండా మొహంలోకి చూస్తూ అడిగింది. ఆమె చెవిముత్యాలు వణుకుతున్నాయి. ఒడిలో ఉన్న చేతులు సంచి తాడును మెలితిప్పుతున్నాయి.

"ప్రశాంతంగా ఉంటుందండీ," అంది ఎర్లిండా.

మేడమ్ రాసుకుంది. రాస్తుండగా గోడ అవతల గొంతు ఆగిపోయింది. చెక్క చప్పుడు మరికొంతసేపు ఉండి అదీ ఆగింది. ఎవరో నవ్వుకుంటూ వెళ్లారు. ఎర్లిండాకు ఆ ఆవిడ మీద మొదటిసారి ఒకరకమైన దగ్గరతనం కలిగింది. ఆవిడ కూడా పొద్దున్నే అద్దం ముందు ఏవో మాటలు వల్లించుకుని బయల్దేరుతుందేమో.

"సోమవారం వచ్చి చేరండి," అంది ఫూనెస్ మేడమ్ లేస్తూ. టోర్టియా ఒక్క ముక్క కూడా తినలేదు. "కార్డు మొదటి రోజే ఇస్తాం." కారు సందు దాటేదాకా ముగ్గురిలో ఎవరూ గోడ వైపు తల తిప్పలేదు.

కారు కనుమరుగయ్యాక నోల్వియా ఎర్లిండా మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. కుడి భుజం మీద పడ్డ బరువుకు ఎర్లిండా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుస్తోందనుకుని నోల్వియా కూడా ఏడ్చింది.

"మంచినీళ్లు తాగినట్టు చెప్పావు వదినా. నా ఇంటి గురించి నాకంటే బాగా చెప్పావు."

"పొద్దున్నుంచీ నోట్లో అదే తిరుగుతోంది. ఇంకేం రావట్లేదు."

పట్నంలో బస్సు మారే చోట ఎర్లిండా యారిట్సాకు ఫోను చేసింది. సోమవారం, అంది. అటువైపు ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత గుసగుసగా, "సంచులు సర్దనా?" అని అడిగింది పిల్ల.

"చప్పుడు చెయ్యకుండా సర్దు. ఆదివారం పొద్దున్నే పోదాం. గది ఇంటావిడతో నేను మాట్లాడతాను."

"ఫ్యానుంటుందా అక్కడ?"

"ఉంటుంది. కిటికీ కూడా ఉందట."

"వీధి వైపా?"

"వీధి వైపే. కూర్చుని ఎంతసేపైనా చూసుకో."

పరుపుల కొట్టు ముందు స్పాంజి ముక్కలు గుట్టగా పోసి అమ్ముతున్నారు. ఫ్యాక్టరీలో చెక్క కుర్చీలే ఇస్తారు. ఎవరి దిండు వాళ్లే తెచ్చుకోవాలి. పాత దిండు మూతపడ్డ ఫ్యాక్టరీలోనే ఉండిపోయింది. ఎర్లిండా ముక్కలన్నీ నొక్కి నొక్కి చూసింది. కొన్ని నొక్కితే నొక్కినట్టే ఉండిపోతున్నాయి. పసుపు రంగు మందపాటి ముక్క ఒకటి నచ్చింది. కొట్టువాడు నవ్వాడు. "అమ్మా, పెళ్లికొడుకుని కూడా ఇంత పరీక్ష చెయ్యరు."

"పెళ్లికొడుకు మీద పొద్దస్తమానం కూర్చోనుగా," అంది ఎర్లిండా. తన మాటకు తనే నవ్వుకుంది. కోసిన గుర్తులేని అంచు చూసి ఆ ముక్కే తీసుకుంది.

పావాస్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. స్పాంజిని ఒడిలో పెట్టుకుని, రెండు ముంజేతులూ దాని మీద ఆనించింది. కుడి భుజానికి పొద్దుటి నుంచి మొదటిసారి ఆధారం దొరికింది. ఎండ పలచబడింది. దిండుకు ఏ బట్ట వేయాలా అని ఆలోచించింది. యారిట్సా చిన్నప్పటి గౌను ఒకటి ఉంది, పచ్చటి పువ్వులది. కుడివైపు నడుము దగ్గర చిరిగింది కానీ వెనకభాగం గట్టిగానే ఉంది. జిప్పు వేస్తే ఉతుక్కోవచ్చు. నాలుగు మూలలకీ నాడాలు కుట్టి కుర్చీకి కట్టెయ్యాలి, లేకపోతే ఎవరో ఒకరు లాక్కుపోతారు. బస్సు ఊగుతోంది. ఆమె కళ్లు సగం మూతలు పడ్డాయి.

మైదానం మలుపులో బస్సు ఆగింది. ఈసారి ముందుగా ఒక అమ్మాయి ఎక్కింది. ఇరవై ఏళ్లుంటాయి. నూనె రాసి దువ్వి బిగించిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చెవులకు చిన్న రాళ్లు. వెనకే వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు మెట్ల దగ్గర ఆగిపోయారు. ఆ అమ్మాయి సీట్ల మధ్య నెమ్మదిగా వస్తూ ఒక్కొక్కరి వైపు కొంచెం వంగి అడుగుతోంది. జవాబు రాగానే థాంక్స్ చెబుతోంది. ఎర్లిండా సీటు దగ్గర ఆగి నవ్వింది.

"అమ్మా, మీరెక్కడ ఉంటారండీ?"

"సాంతా ఎలోయిసా, ఏడో వీధి, నీలం గేటు ఇల్లండీ."

చెప్పి, తిరిగి నవ్వింది కూడా. తర్వాతే తన గొంతు తనకు వినిపించింది. బస్సులో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"కాదు. పావాస్. పావాస్‌లోనే అమ్మా, నీళ్లట్యాంకు కింద. అది ఉద్యోగం కోసం..."

"రెంట్లో ఏది అబద్ధం?" అమ్మాయి గొంతు మారలేదు.

"మొదటిది."

"తడుముకోకుండా చెప్పింది మొదటిదే కదండీ."

"పొద్దుటి నుంచీ అదే చెబుతున్నా తల్లీ. ఫ్యాక్టరీలో పావాస్ అంటే పని ఇవ్వరు. వల్లించుకున్నా. మా అమ్మాయినడుగు..." అనబోయి ఆగిపోయింది. నోరు గట్టిగా మూసుకుంది.

"మీ అమ్మాయా? ఎక్కడుంది?"

"లేదు. అమ్మాయి లేదు."

ఆ అమ్మాయి ఎర్లిండా సంచి తెరిచింది. దరఖాస్తు నకలు తీసింది. దాని వెనక కరెంటు బిల్లు ఉంది. చిరునామా దగ్గర వేలు పెట్టి చదువుకుంది. మెట్ల దగ్గరున్న కుర్రాడికి ఇచ్చింది. వాడు చదివి తల ఊపాడు.

బస్సులో ఎర్లిండాను ఎరిగినవాళ్లు ముగ్గురు నలుగురున్నారు. పొద్దున్న వీధి కడిగిన పక్కింటావిడ రెండు సీట్ల ముందు కూర్చుని ఉంది. ఆవిడ మెడ వెనక చెమట చుక్క ఒకటి కాలరులోకి జారడం ఎర్లిండా చూసింది. ఆవిణ్ణి పిలవాలనుకుంది. పిలిస్తే ఏం అడుగుతారో, ఆవిడ ఏం చెప్పాల్సి వస్తుందో, ఎర్లిండా ఇంట్లో ఎవరున్నారని అడుగుతారో తట్టి పిలవలేదు.

"దిగండమ్మా," అంది ఆ అమ్మాయి, పక్కకు తప్పుకుని దారి ఇస్తూ. "రెండు నిమిషాలు మాట్లాడదాం."

ఎర్లిండా లేచింది. స్పాంజిని సీట్లో పెట్టింది, మళ్లీ వచ్చి కూర్చునే మనిషి గుర్తు పెట్టి వెళ్లినట్టు. చొక్కా నడుము దగ్గర సర్దుకుంది. పక్కింటావిడ సీటు దాటుతున్నప్పుడు ఎటూ చూడకుండా, ఎవరితోనూ కానట్టు, "ఆదివారం దాకా ఆగకూడదు," అంది. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోవడానికి అలవాటు తప్పి కుడి చెయ్యి ఎత్తింది. అది సగం దాకా లేచి ఆగిపోయింది. కుర్రాడు ఆమె మోచెయ్యి పట్టుకుని దింపాడు.

డ్రైవరు బస్సు కదిలించాడు. రెండో గేరు వేస్తుండగా వెనక నుంచి రెండు చప్పుళ్లు వినిపించాయి. అతను రేడియో గొంతు పెంచాడు. పక్కింటావిడ తన స్టాపుకంటే ముందే లేచి తలుపు దగ్గర నిలబడింది. బస్సు పూర్తిగా ఆగకముందే దిగి, నీళ్ల ట్యాంకు వైపు పరుగు లాంటి నడకతో వెళ్లింది.

తర్వాతి స్టాపులో చాలామంది ఎక్కారు. నిలబడ్డారు గానీ ఆ కిటికీ పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. పసుపు స్పాంజి మీద రెండు ముంజేతులు ఆనిన చోట రెండు పల్లాలు పడి ఉన్నాయి. కుడివైపుది ఎక్కువ లోతు. బస్సు కుదుపులకు అవి కొంచెం కొంచెంగా పైకి లేస్తూ, చివరి స్టాపు చేరేసరికి స్పాంజి నున్నగా, కొట్టులో ఉన్నప్పటిలా అయిపోయింది.